తెల్లకణాలు ఎక్కువైతే బలం పెరిగినట్టేనా?



"మా తాతకు తెల్లకణాలు యాభై వేలంట. నొప్పి లేదు, జ్వరం లేదు. మందు కూడా రాయలేదు" అని రక్తపరీక్ష కాగితం పట్టుకొని దిగులుగా వచ్చే కుటుంబాలను ఓ.పి.లో మేము చూస్తుంటాము. మామూలుగా ఉండవలసినవి 4,000 నుండి 11,000. రోగాలతో పోరాడే కణాలు పెరిగితే మంచిదే కదా అనేవారూ ఉన్నారు.

ఈ కణాలు ఎముక మజ్జలో పుడతాయి. ఒకే మూలకణం నుండి బి కణాలు, టి కణాలు, ఇంకా అనేక రకాలు తయారవుతాయి. ఏది ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు చావాలి అన్న ఆజ్ఞలు డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. నకళ్లుగా బయటికి వస్తాయి. ఆ నకళ్లకు అతుక్కొని కొన్నింటిని ఆపేవి మైక్రో ఆర్.ఎన్.ఏ.లు. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవే. బోరునీళ్లు పారేటప్పుడు మన రైతు ఒక మడవ కట్టి ఇంకో మడవ తెరుస్తాడు చూడండి, ఇదీ అలాంటి పనే.

విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో ఒక మిల్లీమీటరు పురుగులో దీనిని కనుగొన్నారు. పురుగు సంగతి మనకెందుకని చాలామంది పట్టించుకోలేదు! వారికి 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలుకల మజ్జకణాలలో 'మిర్-181' అనే మైక్రో ఆర్.ఎన్.ఏ.ను పెంచితే బి కణాలు ఎక్కువగా తయారవుతాయని 2004లో తెలిసింది.

ఇక తాతగారి విషయం. వయసు మళ్లినవారిలో తెల్లకణాలు ఇలా పెరగడానికి ఒక కారణం సి.ఎల్.ఎల్. అనే నిదానమైన రక్తక్యాన్సర్. ఈ రోగులలో సగం మందికి పైగా 13వ క్రోమోజోములో ఒక ముక్క ఉండదు. మిర్-15, మిర్-16 ఉండే చోటు అదేనని 2002లో బయటపడింది. బి.సి.ఎల్-2 అనే ప్రోటీనును అవి అదుపులో ఉంచుతాయి. అవి లేకపోతే ఆ ప్రోటీను పెరిగి, చావవలసిన బి కణాలు చావకుండా పోగవుతాయి. లెక్కకు వేలున్నా పనికి రావు. అందుకే ఇలాంటివారికి అంటురోగాలు తొందరగా సోకుతాయి.

ఆ ప్రోటీనునే అడ్డుకునే వెనెటోక్లాక్స్ మాత్రకు 2016లో అమెరికాలో అనుమతి లభించింది. అయితే అందరికీ అది అక్కరలేదు. బాధలు లేని తొలిదశలో ముందుగానే మందులు మొదలుపెట్టినందువల్ల ఆయుష్షు పెరగలేదని పరిశోధనలలో తేలింది. డాక్టరు మందు రాయకపోవడం నిర్లక్ష్యం కాదు. ఆ భయంతో పసరు మందుల వెంట పడి డబ్బు పోగొట్టుకోకండి. మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష కూడా మామూలు వైద్యానికి అవసరం లేదు. జబ్బును నిర్ధారించేది ఫ్లో సైటోమెట్రీ అనే రక్తపరీక్ష. దానికి, తరువాతి సలహాకు తిరుపతిలో గాని, చిత్తూరు వారికి దగ్గరైన వేలూరులో గాని రక్తవ్యాధుల నిపుణులను కలవండి.

మెడలో గడ్డలు పెరిగినా, బరువు తగ్గినా, రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పట్టినా తదుపరి తేదీ కోసం ఆగవద్దు. జ్వరమొస్తే అదే రోజు తీసుకురండి. టీకా వేయించేముందు ఈ జబ్బు ఉందని తప్పక చెప్పండి, సజీవ టీకాలు వీరికి వేయరాదు. పాత పరీక్షల కాగితాలన్నీ వెంట తెండి. కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో వాటిని చూసే చెప్పగలము.