సైలెన్సర్ సంగతి, మేనల్లుడికి

అనంతపురం



నీ సెల్టోస్ టర్బో కారుకి బెంగళూరులో కొత్త ఎగ్జాస్ట్ వేయించబోతున్నావంట, మీ అమ్మ చెప్పింది. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లతో నడిచే ఫ్యాక్టరీలో పుట్టిన బండి అది. ఊరుకోలేక రాస్తున్నా.

ఏం మారుస్తున్నావో ముందు తేల్చుకో. వెనకుండే మఫ్లర్ ఒక్కటే మారిస్తే చప్పుడు మారుతుంది, పవర్ పెద్దగా రాదు. చప్పుడు కోసమే అయితే అదే చెప్పు, సిగ్గెందుకు? ఈ వయసులో నాకూ బుల్లెట్ చప్పుడంటే ఇష్టమే. నిజంగా పవర్ కావాలంటే టర్బో దగ్గర్నుంచి దిగే డౌన్‌పైపు మార్చాలి, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అదే ఈసీయూ, దాని మ్యాపు కూడా మార్చాలి. చిక్కంతా అక్కడే. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుండే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండేది ఆ దారిలోనే. దాని ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. కన్వర్టర్ తీసేస్తే వెనక సెన్సర్ పసిగట్టి ఇంజన్ లైటు వెలిగిస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో దాని నోరు నొక్కేస్తామంటారు షాపువాళ్లు. ఆ నొక్కుడు సర్వీసు సెంటరు కంప్యూటరుకు దొరకదని మాత్రం నమ్మొద్దు.

వారంటీ మొత్తం పోతుందా అంటావు. పవర్ విండో పాడైతే, ఎగ్జాస్ట్ పేరు చెప్పి కంపెనీ కాదన్నా నువ్వు వాదించొచ్చు. టర్బోనో ఇంజనో పోతే, అది నీ పైపు వల్ల కాదని చూపించే తంటా నీదే అవుతుంది. వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చులే, వాయిదాలకు తిరిగే ఓపిక నీకుందా? వారంటీ పుస్తకంలో మార్పుల గురించి రాసిన పేజీ ఒకసారి చదువు.

చట్టం సంగతీ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండి మార్చకూడదని తేల్చింది. ఆ ఏడే సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, కూడని మార్పు చేసిన యజమానికి 6 నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. చప్పుడో పొగో హద్దు దాటితే 10,000 దాకా జరిమానా వేరే.

ఎగ్జాస్ట్ సంగతి పక్కనపెట్టి, చెనిక్కాయ చేలకు పోయే మట్టిరోడ్డులో నీ బండి మింగే దుమ్ముకు, ఎయిర్ ఫిల్టర్ గడువుకన్నా ముందే చూపించు. ఎగ్జాస్ట్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో మంచి టైర్లేయించు. 3 ఏళ్ల వారంటీ దాటాక కూడా మనసు అటే లాగితే, కన్వర్టర్ జోలికి పోని పని గురించి మాట్లాడదాం.

షాపుకు అడ్వాన్సు ఇచ్చుంటే రేపే వెనక్కి అడుగు. నసిగితే నాకు ఫోన్ కలుపు.

మీ మామ