ఎరువుల గోదాము ఎంపిక: తేమ, తుప్పు, తాగునీటి బావి

ధాన్యం కోసం కట్టిన గోదామునే ఎరువులకు కూడా వాడుకోవడం మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలలో సర్వసాధారణం. కొత్తగా గోదాము కట్టదలచినపుడు గాని, అద్దెకు తీసుకొనదలచినపుడు గాని సంఘ పాలకవర్గం మొదట అడిగే ప్రశ్న ‘ఎన్ని బస్తాలు పడతాయి?’ అన్నదే. అయితే రసాయన ఎరువులలో అధికభాగం లవణాలు. లవణం కాని యూరియా సైతం తేమ విషయంలో ఉప్పువలెనే ప్రవర్తిస్తుంది. అందుచేత వీటి నిల్వకు భవనాన్ని ఎంచుకొనేటపుడు పరిమాణం కంటె ముందుగా మూడు విషయాలను పరిశీలించవలసి ఉన్నది. భవనం తేమను ఎంతవరకు ఆపగలదు, లవణం భవనాన్ని ఎంతవరకు తినివేయగలదు, ఆ లవణం నీటిలో కరిగి ఎక్కడికి చేరగలదు అన్నవి ఆ మూడు. ఈ వ్యాసం ప్రధానంగా కోస్తా మండలాలను దృష్టిలో ఉంచుకొని రాసినది.

గాలిలోని సాపేక్ష ఆర్ద్రత ఒక హద్దు దాటినపుడు ప్రతి లవణమూ గాలి నుండి నీటిని పీల్చుకొని చెమర్చడం ప్రారంభిస్తుంది. ఈ హద్దును సందిగ్ధ ఆర్ద్రత అంటారు. ఇది మామూలు ఉప్పుకు సుమారు 75 శాతం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద యూరియాకు సుమారు 73, డి.ఎ.పి.కి 82, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌కు 84 శాతం. అమ్మోనియం నైట్రేటుకు 59 శాతం మాత్రమే. రెండు ఎరువులు కలిసినపుడు ఈ హద్దు ఆ రెండింటి కంటె కిందికి దిగజారుతుంది. యూరియా, పొటాష్ కలిస్తే సుమారు 60 శాతానికి వస్తుంది. చిరిగిన బస్తాల నుండి రాలిన యూరియా, పొటాష్ నేలపై కలిసిన చోట ఎప్పుడూ తడిగా కనిపించడానికి కారణం ఇదే. దానిని చూసి నేల ఊరుతున్నదని పొరపడేవారు చాలమంది.

కోస్తాలో తెల్లవారుజామున గాలిలో తేమ 75 శాతం దాటడం సంవత్సరంలో అధికభాగం మామూలే. రాత్రి తేమను పీల్చిన యూరియా గుళికల పైపొర కరుగుతుంది, పగలు ఆరుతుంది. ఆరేటపుడు ఏర్పడే స్ఫటికాలు గుళికకు గుళికకు మధ్య వంతెనల వలె పట్టుకొంటాయి. ఇది కొన్ని రాత్రులు పునరావృతమైతే బస్తా రాయి అవుతుంది. గడ్డకట్టినంత మాత్రాన నత్రజని పోదు. ఆ మాట ఎంత చెప్పినా రైతు గడ్డ బస్తాను తీసుకొనడు. చేతితో సమంగా చల్లవలసినవాడు అతడే కనుక ఆ నిరాకరణలో న్యాయం ఉన్నది.

ఇక్కడే ధాన్యపు గోదాము అలవాటు మనలను తప్పుదారి పట్టిస్తుంది. ధాన్యం శ్వాసిస్తుంది, వేడెక్కుతుంది. దానికి గాలి ఆడాలి. అందువలన ధాన్యపు గోదాముకు గోడల పైభాగాన వరుసగా వెంటిలేటర్లు, ఎదురెదురు తలుపులు, ఎత్తయిన కప్పు ఉంటాయి. ఎరువుకు శ్వాస లేదు. లోపలికి వచ్చే ప్రతి గాలితెమ్మెర దానికి కొంత నీటిని మోసుకొని వస్తుంది. కనుక ఎరువుల గోదాము గట్టిగా మూయదగినదై ఉండవలెను. వెంటిలేటర్లు అవసరమే గాని వాటికి బిగుతుగా మూతపడే తలుపులు ఉండాలి. వర్షం లేని రోజులలో ఎండ ఎక్కిన తరువాత కొద్ది గంటలు తెరచి, సముద్రపు గాలి తిరగకముందే మూసివేయడం మంచిది. గోడకు ఒక తడి-పొడి ఉష్ణమాపకం తగిలిస్తే ఎప్పుడు తెరవాలో ఊహించుకొనవలసిన పని ఉండదు. ఒక్క పారకు అయ్యేంత ఖర్చుతో వచ్చే ఆ పరికరం ఎరువుల గోదాములలో అరుదుగా కనిపించడం విచారకరం.

కప్పు విషయం. ఇనుప రేకు రాత్రి ఆకాశానికి వేడిని వదలి లోపలి గాలి కంటె చల్లబడుతుంది. దాని అడుగున నీరు చేరి బొట్లుగా బస్తాలపై పడుతుంది. కప్పు కారకపోయినా పై వరుస బస్తాలు తడవడం దీనివలననే. కాంక్రీటు కప్పు ఇంత త్వరగా చల్లబడదు. రేకు తప్పనిసరి అయితే అడుగున ఉష్ణనిరోధక పొర వేయించాలి. సిమెంటు రేకులు తుప్పు పట్టవు గాని తుపాను గాలికి పగులుతాయి. రబీ ఎరువులు గోదాముకు చేరే అక్టోబరు - డిసెంబరు మాసాలే మన తుపానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటాయి.

లవణం భవనాన్ని తినివేయడం గురించి మంచుదేశాల అనుభవం ఉపయోగపడుతుంది. అమెరికా, కెనడాలలో శీతకాలంలో రోడ్లపై మంచు కరిగించడానికి చల్లే ఉప్పును గుట్టలుగా నిల్వచేస్తారు. వాటికి చాలచోట్ల కనిపించేవి కొయ్యతో కట్టిన గుమ్మటాలు. ఉప్పు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, కొయ్యను అంతగా బాధించదు. ఆకారానికి కూడా కారణం ఉన్నది. వదులుగా పోసిన ఉప్పు సుమారు 32 డిగ్రీల వాలులో శంకువుగా నిలుస్తుంది. 20 మీటర్ల వ్యాసంగల వృత్తంలో పోస్తే కుప్ప 6 మీటర్లకు పైగా లేచి, దాదాపు 840 టన్నులు పడుతుంది. గుమ్మటం ఆ శంకువును తక్కువ వృథాతో కప్పుతుంది. గోడల మధ్య సమతలంగా పోస్తే లెక్క మారిపోతుంది. 3 మీటర్ల ఎత్తు ఉప్పు గోడను ప్రతి మీటరు పొడవుకు సుమారు 1.8 టన్నుల బలంతో తోస్తుంది. ఎత్తు రెట్టింపైతే ఆ తోపుడు నాలుగు రెట్లు, గోడను పడదోసే ప్రభావం ఎనిమిది రెట్లు అవుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఇందుకు ఉద్దేశించినది కాదు. రేవులలోను, మిశ్రమ ఎరువుల కర్మాగారాలలోను వదులు ఎరువు పోసే గోడలను ఇంజనీరు ప్రత్యేకంగా రూపొందించవలసిందే. మనం నిల్వచేసేది బస్తాలు గనుక ఆ చిక్కు లేదు. అయినా బస్తాలను గోడకు ఆనించక, అరవై సెంటీమీటర్ల దారి వదలాలి.

మన గోదాములలో మొదట చెడేవి ఇనుప ట్రస్సు కీళ్లు, బోల్టులు, షట్టరు పట్టీలు. యూరియా నుండి వెలువడే అమ్మోనియా ఇత్తడి, రాగి విద్యుత్ బిగింపులను సైతం తింటుంది. స్విచ్చిబోర్డు బయటి గోడకు ఉండడం మేలు. అమ్మోనియం సల్ఫేట్ కాంక్రీటునే బలహీనపరుస్తుంది. తీరప్రాంతంలో కొత్తగా కట్టేవారు ఎం-35 కంటె తక్కువ శ్రేణి కాంక్రీటును ఒప్పుకొనరాదు. నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించరాదు. కడ్డీలపై కాంక్రీటు కప్పు 50 మిల్లీమీటర్లు ఉండాలి. ఖర్చు తగ్గించడానికి మేస్త్రీ మొదట కోసేది ఈ కప్పునే.

మూడవది, అందరూ మరచేది, నీరు. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉన్నది. అదంతా నేలలో నైట్రేటుగా మారితే సుమారు 92 కిలోలు. తాగునీటిలో నైట్రేటుకు భారతీయ ప్రమాణాల పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంటే ఒక్క బస్తా కరిగి బావి చేరితే ఇరవై లక్షల లీటర్ల నీరు హద్దుకు చేరగలదు. నైట్రేటు అధికమైన నీటితో కలిపిన పాలు తాగిన పసికందుల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది. మంచుదేశాలలో కప్పులేని ఉప్పు గుట్టల నుండి కారిన నీరు బావులను ఉప్పుగా మార్చిన తరువాతనే, నీరు ఇంకని గచ్చు, దానిపై కప్పు తప్పనిసరి అన్న అభిప్రాయం బలపడినది. మన ఉప్పుమడుల కాపులు సైతం ఉప్పును ఎత్తయిన గట్టుపై కుప్పవేసి తాటాకు కప్పుతారు. గోదాము స్థలం పల్లమై, పక్కనే తాగునీటి బావి గాని చేతిపంపు గాని ఉంటే అద్దె ఎంత చవుక అయినా వదులుకొనవలెను.

అద్దె భవనాన్ని చూడబోయేవారు మిట్టమధ్యాహ్నం కాక, వాన వెలిసిన మరునాడు తెల్లవారుజామున వెళ్లవలెను. పీఠంపై గత వరదల నీటి గుర్తు ఎక్కడ ఉన్నదో ఇరుగుపొరుగును అడగవలెను. గచ్చుపై ఒక ప్లాస్టిక్ పట్టాను అంచులు అంటించి ఒక రాత్రి వదిలి, ఉదయం దాని అడుగున చెమ్మ ఉన్నదేమో చూడవలెను. ఉంటే నేల నుండి తేమ వస్తున్నట్లు. అటువంటి గచ్చుపై కొయ్య పలకలు పరచినా అడుగు వరుస దక్కదు. తలుపులు మూయించి, లోపల నిలబడి, వెలుగు ఎన్ని చోట్ల నుండి వస్తున్నదో లెక్కపెట్టవలెను. చివరిగా హమాలీలతో కూడా మాట్లాడవలెను. లారీ గుమ్మం వరకు రాలేని గోదాములో బస్తాకు కొక్కెం పడుతుంది. కొక్కెం పడిన బస్తా లోపలి ప్లాస్టిక్ పొర చిరిగిపోయిన తరువాత ఏ భవనమూ దానిని కాపాడలేదు.