ట్రిగ్గర్ బాగుందంటే ఏమిటి అర్థం? ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ కొనేముందు

మెకానికల్ కీబోర్డు వాడేవాళ్ళకి ఈ పాఠం సగం ముందే తెలుసు. చెర్రీ రెడ్ స్విచ్ పనిచేయాలంటే సుమారు 45 గ్రాముల బలం కావాలి. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు కిందికి వెళ్తుంది, కానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. బలం ఎంత, ఎంత దూరం నొక్కాలి, ఎక్కడ పని జరుగుతుంది, వదిలాక ఎక్కడికి తిరిగొస్తుంది. ఒక స్విచ్ ని ఇంకో స్విచ్ తో పోల్చాలంటే మనం అడిగేవి ఈ నాలుగే. తుపాకీ ట్రిగ్గర్ విషయంలో కూడా ఇవే అడగాలి. కాకపోతే ఇక్కడ బ్యాక్ స్పేస్ ఉండదు.

ఈ గొడవంతా నాకెందుకంటే, టెక్సాస్ లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ కొనాలనుకుంటున్నాడు. అన్నయ్యకి గ్రీన్ కార్డు వచ్చింది. ఆఫీసులో స్నేహితులతో కలిసి అడవి పందుల వేటకి వెళ్తున్నాడు. అక్కడ రైతులకి పందుల బెడద మన దగ్గర కంటే ఎక్కువే. "ఒరేయ్, నీకు స్టాటిస్టిక్స్ ఉంది కదా, మూడు తుపాకులు చూశాను, ఏది మంచిదో లెక్క చెప్పు" అని అడిగాడు. పెద్దమ్మేమో "ఇంట్లో మూడేళ్ళ పిల్లాణ్ణి పెట్టుకుని తుపాకీ ఏంట్రా?" అని ఫోన్లో ఒకటే పోరు. నా దృష్టిలో ఇద్దరూ సరైన ప్రశ్నలే అడుగుతున్నారు. కాబట్టి రెండింటికీ సమాధానం వెతుకుదాం.

ముందు లీవర్ యాక్షన్ అంటే ఏంటో చూద్దాం. కృష్ణ గారి "మోసగాళ్ళకు మోసగాడు" దగ్గర్నుంచి మహేష్ బాబు "టక్కరి దొంగ" వరకు మనకీ కౌబాయ్ సినిమాలు ఉన్నాయి కాబట్టి ఆ వాతావరణం కొత్త కాదు. హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో హీరో ట్రిగ్గర్ కింద ఉన్న ఇనుప కడియంలాంటి దాన్ని కిందికి తోసి పైకి లాగుతాడు చూడండి, అదే లీవర్. కిందికి తోస్తే పాత తూటా డొప్ప బయటికి ఎగిరిపోతుంది, హ్యామర్ వెనక్కి వంగుతుంది. పైకి లాగితే కొత్త తూటా గొట్టంలోకి వెళ్తుంది. 1860 నాటి హెన్రీ రైఫిల్ 16 తూటాలు పట్టేది. అమెరికా అంతర్యుద్ధంలో చాలామంది సైనికుల దగ్గర ఇంకా ఒక్కో గుండు కూరుకుని కాల్చే తుపాకులే ఉన్నాయంటే, అప్పట్లో ఇది ఎంత పెద్ద మార్పో ఊహించుకోండి. ఆ కంపెనీలో ప్రధాన పెట్టుబడి ఆలివర్ వించెస్టర్ ది. అంతకుముందు ఆయన వ్యాపారం చొక్కాలు! తర్వాత 1873 మోడల్, ఆ తర్వాత జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన 1894 మోడల్ వచ్చాయి. ఈ 94 మోడల్ ఒక్కటే 70 లక్షలకు పైగా తయారైంది.

చరిత్ర అక్కడితో చాలు. అసలు విషయం ట్రిగ్గర్ లోపల ఉంది.

వెనక్కి వంగిన హ్యామర్ ని ఒక బలమైన స్ప్రింగ్ ముందుకి తోస్తూ ఉంటుంది. దాన్ని ఆపేది ఒక చిన్న ఉక్కు పెదవి. దాని పేరు సియర్. హ్యామర్ కి ఉన్న గాడిలో ఈ పెదవి ఇరుక్కుని ఉంటుంది. మనం ట్రిగ్గర్ నొక్కితే సియర్ గాడిలోంచి జారుతుంది, హ్యామర్ పడుతుంది, ఫైరింగ్ పిన్ తూటా వెనక ఉన్న ప్రైమర్ ని కొడుతుంది. అంటే రెండు ఉక్కు ముక్కలు ఒకదాని మీద ఒకటి జారడమే ట్రిగ్గర్ నాణ్యత. ఫిజిక్స్ లో చదివిన ఘర్షణే. ముక్కలు గరుకుగా ఉంటే వేలికి ఇసుక తగిలినట్టు ఉంటుంది. గాడి లోతుగా ఉంటే జారాల్సిన దూరం ఎక్కువ.

షూటర్లు దీన్ని భాగాలుగా విడదీసి మాట్లాడతారు. మొదట వేలు కదులుతుంది కానీ బరువేమీ తెలియదు, అది టేకప్. తర్వాత గోడలాంటిది తగులుతుంది. ఆ గోడ దగ్గర ఇంకొంచెం నొక్కితే టక్కున తెగిపోవాలి, దాన్ని బ్రేక్ అంటారు. మంచి బ్రేక్ ని సన్నటి గాజు పుల్ల విరిగినట్టు ఉంటుందని వర్ణిస్తారు. మనకైతే ఎండిన అప్పడం విరిచినట్టు అని చెప్పొచ్చు. గోడ తగిలాక కూడా ట్రిగ్గర్ మెల్లగా పాకుతూ పోతే అది క్రీప్. తెగిపోయాక వేలు ఇంకా వెనక్కి వెళ్ళిపోతే ఓవర్ ట్రావెల్. నా అభిప్రాయంలో వీటన్నిటిలో ఎక్కువ చికాకు పెట్టేది క్రీప్. బరువైన ట్రిగ్గర్ కి వేలు అలవాటు పడుతుంది. ఎప్పుడు పేలుతుందో తెలియని ట్రిగ్గర్ కి అలవాటు పడటం కష్టం. పేలబోతోందని ఊహించి ముందే భుజం బిగించేస్తాం, తుపాకీ కదిలిపోతుంది.

ఎంత కదిలితే ఎంత నష్టం? లెక్క చిన్నదే. వెనక గురి నుంచి ముందు గురి దాకా 500 మిల్లీమీటర్లు అనుకోండి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ముందు గురి అర మిల్లీమీటరు పక్కకి జరిగింది. 500 కి అర అంటే వెయ్యిలో ఒక వంతు. వంద గజాలంటే సుమారు 91 మీటర్లు, అందులో వెయ్యో వంతు 9 సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు తప్పు అక్కడికి వెళ్ళేసరికి 9 సెంటీమీటర్లు అయింది. వేటలో అది జంతువు వెంటనే చనిపోవడానికీ, గాయంతో పొదల్లోకి పారిపోవడానికీ మధ్య తేడా కావచ్చు.

ఇప్పుడు బరువు. అమెరికాలో ట్రిగ్గర్ బరువు పౌండ్లలో చెప్తారు. ఒక పౌండు అంటే దాదాపు 454 గ్రాములు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే లీవర్ యాక్షన్లలో 5, 6 పౌండ్లు మామూలే. 6 పౌండ్లంటే 2.7 కిలోలు. రైఫిల్ బరువు సుమారు 7 పౌండ్లు. అంటే దాదాపు తుపాకీ అంత బరువుని ఒక్క వేలితో లాగుతూ ఆ తుపాకీని కదలకుండా పట్టుకోవాలన్నమాట! ఇటు ఒలింపిక్స్ చూడండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు ఉండాలి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కి 500 గ్రాములు. పోటీలో తనిఖీ చేసే పద్ధతి నాకు భలే నచ్చింది. ట్రిగ్గర్ కి ఆ బరువు తగిలించి పిస్టల్ ని పైకి లేపుతారు. ట్రిగ్గర్ తెగకుండా బరువు లేచిందా, పాస్. గగన్ నారంగ్ 2012 లో లండన్ లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కి అసలు కనీస బరువు నిబంధనే లేదు. ఆ టార్గెట్ మీద పదో నంబరు చుక్క అర మిల్లీమీటరే కాబట్టి, ఎవరి వేలికి తగ్గట్టు వాళ్ళు పెట్టుకుంటారు.

అయితే తేలిగ్గా ఉంటే మంచిదే కదా అనుకోకండి. రేంజ్ లో నిలబడి కాల్చేది వేరు, చలిలో గ్లోవ్స్ వేసుకుని, ముళ్ళకంచె దాటుతూ మోసుకెళ్ళేది వేరు. వేట రైఫిల్ కి 3 నుంచి 4 పౌండ్లు సరిపోతుందని చాలామంది షూటర్ల మాట. లీవర్ యాక్షన్లలో ఇంకో సంగతుంది. హ్యామర్ బయటికి కనిపిస్తుంది, పెద్దది, చాలా దూరం ఊగి వచ్చి కొడుతుంది. బోల్ట్ యాక్షన్ లో స్ట్రైకర్ తిన్నగా కొంచెం దూరమే వెళ్తుంది. అందుకే బ్రేక్ కి, పేలుడికి మధ్య సమయం లీవర్ యాక్షన్ లో ఎక్కువ. ఆ కాసేపు కూడా తుపాకీ కదలకూడదు. ఎంత మంచి ట్రిగ్గర్ పెట్టినా ఈ లేటెన్సీ పోదు, అది ఆర్కిటెక్చర్ లోనే ఉంది.

షాపులో పోల్చడం ఎలా? అన్నయ్యకి నేను చెప్పింది ఇది. ముందు షాపు వాళ్ళ చేతే తుపాకీ ఖాళీ అని చూపించమను. గొట్టం కింద ఉండే ట్యూబు మ్యాగజైన్ కూడా చూడాలి, ఛాంబర్ ఒక్కటే చూస్తే సరిపోదు. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కచ్చా అని అడుగు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకుంటే గోడ వైపు గురిపెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా నొక్కు. కళ్ళు మూసుకుంటే వేలు ఎక్కువ చెప్తుంది. ట్రిగ్గర్ గేజ్ అనే స్ప్రింగ్ తాసులాంటి పరికరం ఉంటే ఒకసారి కాదు, పదిసార్లు కొలువు.

పదిసార్లు ఎందుకో ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి, చోటు కోసం ఐదేసి కొలతలే ఇస్తున్నా. మొదటి రైఫిల్: 5.0, 5.1, 4.9, 5.0, 5.0. రెండోది: 4.1, 5.9, 4.4, 5.6, 5.0. రెండింటి సగటూ 5 పౌండ్లే. కానీ స్టాండర్డ్ డీవియేషన్ మొదటిదానికి 0.06, రెండోదానికి 0.68. షాపు కార్డు మీద రెండూ "5 పౌండ్లు" అనే ఉంటాయి. నేనైతే 6 పౌండ్ల దగ్గర కదలకుండా నిలబడేదాన్ని తీసుకుంటాను గానీ, ఈ రెండోదాన్ని ముట్టుకోను. మన ఎం-3 మేడం సగటు ఒక్కటే రాస్తే సగం మార్కులు ఎందుకు కోస్తారో ఇప్పుడు అర్థమైంది.

అన్నయ్య చూసిన మూడూ వించెస్టర్ 94, మార్లిన్ 336, హెన్రీ. మూడింటికీ 30-30 అనే తూటా. వించెస్టర్ వాళ్ళ న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006 లో మూతపడింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే 94 లు జపాన్ లో మిరోకు కంపెనీ చేస్తుంది. కౌబాయ్ తుపాకీ జపాన్ నుంచి రావడం తమాషాగా ఉన్నా, పనితనానికి పేరుంది. ఇందులో లీవర్ ని పూర్తిగా పైకి పట్టి బిగిస్తేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. మంచి ఏర్పాటే, కానీ షాపులో లీవర్ వదులుగా పట్టుకుని "ట్రిగ్గర్ పట్టేసింది" అనుకునే అవకాశం ఉంది.

మార్లిన్ కథ వేరు. 336 మోడల్ 1948 నుంచి ఉంది. 2007 లో కంపెనీ రెమింగ్టన్ చేతికి వెళ్ళింది, ఆ కాలంలో చేసినవాటి మీద షూటర్లు చాలా ఫిర్యాదులు చేశారు. 2020 లో రెమింగ్టన్ దివాలా తీశాక రూగర్ కొనుక్కుంది. అందుకే పాత మార్లిన్ కొనేవాళ్ళు బ్యారెల్ మీద ముద్ర చూస్తారు: జె.ఎం. అని ఉంటే పాత మార్లిన్ ఫ్యాక్టరీది. 336 లో ట్రిగ్గర్, సియర్ రెండు వేరు వేరు ముక్కలు. అందుకని పాతవాటిలో ట్రిగ్గర్ వదులుగా, ఊగే పన్నులాగా ఆడుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ఆ ఊపుకీ బ్రేక్ కీ పెద్ద సంబంధం లేదు.

ఇప్పటి హెన్రీ కంపెనీకీ 1860 హెన్రీకీ పేరు తప్ప చుట్టరికం లేదు, ఇది 1990లలో మొదలైంది. దీనిలో నాకు ట్రిగ్గర్ కంటే నచ్చింది వేరే విషయం. మార్లిన్, వించెస్టర్ ఖాళీ చేయాలంటే లీవర్ ఆడిస్తూ ప్రతి తూటానీ ఛాంబర్ దాకా తెచ్చి బయటికి తీయాలి. హెన్రీలో లోపలి ట్యూబు లాగేస్తే మ్యాగజైన్ లోని తూటాలు అలాగే జారి బయటికొస్తాయి, ఛాంబర్ లో ఒకటి ఉందేమో చూసుకుంటే చాలు. మూడేళ్ళ పిల్లాడున్న ఇంట్లో రోజూ ఖాళీ చేసి బీరువాలో పెట్టేవాడికి ఇది ట్రిగ్గర్ లో అర పౌండు తేడా కంటే ముఖ్యం. ఇంకో మాట: ఏ ట్రిగ్గర్ బరువూ పిల్లల్ని ఆపదు. రెండు చేతుల బొటనవేళ్ళతో పిల్లలు చాలా బరువే లాగగలరు. తాళం ఉన్న ఇనుప బీరువా, తూటాలు వేరే చోట. పెద్దమ్మ ప్రశ్నకి నా దగ్గరున్న సమాధానం అంతే, ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు.

ఎం.ఎస్. కి వెళ్ళబోయే సీనియర్లు ఈ పేరా తప్పకుండా చదవండి. అమెరికాలో డీలర్ దగ్గర కొంటే 4473 అనే ఫారం నింపాలి, ఎఫ్.బి.ఐ. వాళ్ళ నిక్స్ ద్వారా బ్యాక్ గ్రౌండ్ చెక్ జరుగుతుంది. డీలర్ నుంచి రైఫిల్ కొనడానికి ఫెడరల్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు చాలు, కొన్ని రాష్ట్రాల్లో 21. గ్రీన్ కార్డు వాళ్ళు కొనొచ్చు. కానీ ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "అందరూ రేంజ్ కి వెళ్తున్నారు కదా" అని వెళ్ళే ముందు ఇది చూసుకోండి. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద మీకోసం కొనిపించడం ఇంకో నేరం, అందులో ఇద్దరూ ఇరుక్కుంటారు. లైసెన్సు ఉన్నా సరే, శుభ్రం చేస్తుండగా తుపాకీ పేలి మన విద్యార్థులు పోయిన వార్తలు మనం చదివాం. శుభ్రం చేయడానికి కూర్చున్నప్పుడు తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు.

తూటాల గురించి ఒక్కటి మిగిలింది. ట్యూబులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్ కి తగులుతూ. మొనదేలిన తూటా వేస్తే, కాల్చినప్పుడు వచ్చే కుదుపుకి ఆ మొనే ఫైరింగ్ పిన్ లా పనిచేసి ట్యూబులోనే పేలొచ్చు. అందుకే 30-30 తూటాలు చదునైన ముక్కుతో వస్తాయి, లేదా హార్నడీ కంపెనీ చేసినట్టు మెత్తటి పాలిమర్ మొనతో. అన్నయ్య శనివారం హెన్రీని, మిరోకు వించెస్టర్ ని గేజ్ తో కొలవడానికి వెళ్తున్నాడు. ఒక్కోదానికి పది కొలతలు ఎక్సెల్ షీట్లో పెట్టి పంపమన్నాను.