చక్కెర తగ్గించుట – ఇంటివారి బాధ్యత

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతపు మన తెలుగు ఇండ్లకు రాగిసంకటి తరతరముల ఆహారము. మన పెద్దలకు తీపి యనగా ముఖ్యముగా పండుగనాటి ఓళిగలే. నేడు కాఫీ, బిస్కత్తు, సీసా పానీయముల రూపమున చక్కెర ప్రతిదినము మన పిల్లలకు చేరుచున్నది.

ఆహారమునకు చేర్చెడి చక్కెరల వలన కలుగు శక్తి మొత్తములో 10 శాతమునకు మించరాదనియు, 5 శాతమునకు తగ్గించిన మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. 5 శాతమనగా పెద్దలకు దినమునకు సుమారు 25 గ్రాములు, అనగా ఆరు చిన్న చెంచాలు. పిల్లలకు ఇంకను తక్కువ. 300 మిల్లీలీటర్ల కోలాలోనే 30 గ్రాములకు పైగా నుండును. బెల్లము, తేనె, పండ్లరసములోని తీపి కూడ ఈ లెక్కలోనివే. బెల్లము గదా యని ఉపేక్షింపరాదు. మితిమీరిన చక్కెర వలన దంతములు పుచ్చును, స్థూలకాయము కలుగును, మధుమేహమునకు దారి యేర్పడును.

కావున కాఫీలో, పాలలో చక్కెరను వారమువారము కొంచెముగా తగ్గింతము, నాలుక అలవాటుపడును. దాహమునకు నీరు, మజ్జిగ, రాగిఅంబలి ఇత్తము. సాయంకాలము ఉడికించిన చెనిగకాయలు, మన చిక్కబళ్ళాపురపు ద్రాక్షలు రసము తీయక పండ్లుగనే పెట్టుదము. పెద్దలు మానక పిల్లలను మానుమనుట వృథా. బడిలో చెప్పిన పాఠము వంటయింట నిలువవలెనని మేము కోరుచున్నాము.