తాలింపుకు ముందే దాని వాటా

చి. శ్రావణికి,

మీ కాకటీల్ చిలక పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఇంకేదీ ముట్టడం లేదనీ, ఇంట్లోనే ఏదైనా చేసిపెట్టాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం తల్లీ. ఒట్టి గింజల మీదే ఉంచితే ఒంట్లో కొవ్వు చేరి కాలేయం పాడవుతుంది. విటమిన్ ఎ, కాల్షియం చాలవు. జబ్బు చేసినా పక్షి బయటపడనివ్వదు గనుక మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

దానికోసం వేరే వంట పెట్టుకోకు. పొద్దున్నే కూరకు తరుగుతారు కదా, ఉప్పూ నూనే పడకముందే దాని వాటా తీసి పక్కన పెట్టు. రెండు చెంచాలు చాలు. క్యారెట్, గుమ్మడికాయ, ఎర్ర క్యాప్సికం, ఉడికించిన చిలగడదుంప విటమిన్ ఎ కోసం. మునగాకు, కొత్తిమీర బాగా కడిగి సన్నగా తరుగు. పాలకూర ఎప్పుడో ఒకసారి; అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పచ్చిమిర్చి నిస్సంకోచంగా పెట్టు, పక్షులకు కారం మంట తెలియదు. ఇందులో ఉడికిన కొర్రలో సామలో కాసిని, మొలకెత్తిన పెసలు నాలుగు కలుపు. మొలకలు జిగురుగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా పారెయ్యి. రాజ్మా లాంటి గింజలు మెత్తగా ఉడకకుండా పెట్టనే వద్దు. డాక్టరు పెల్లెట్లు వాడమంటే అవి మానకు, ఈ తరుగు వాటికి తోడు.

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, యాపిల్ గింజలు దాని దరిదాపులకు రానివ్వకు. ఇంకోటి, తిండి కాకపోయినా వంటింటి సంగతే: నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకు తెలియకపోవచ్చు గానీ చిలకను నిమిషాల్లో చంపేస్తుంది. పంజరం వంటింట్లో ఉంటే ఈ రోజే తీసెయ్యి.

అసలు కష్టం వండటంలో లేదు, అలవాటు చేయడంలో ఉంది. గింజలకు అలవాటుపడ్డ పక్షికి క్యారెట్ ముక్క తిండిలా కనిపించదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని గింజలు ఒక్కసారిగా ఆపేస్తే గిన్నె నిండా కూరగాయలు ముందు పెట్టుకుని పస్తుంటుంది. లేచీలేవగానే ఆకలి మీద ఉన్నప్పుడు తరుగు పెట్టు, గంటా రెండు గంటల తరవాత తీసేసి గింజలు వెయ్యి. ఎండాకాలం తడి తరుగు అంతకన్నా ఎక్కువసేపు ఉంటే పాడవుతుంది కూడా. దాని ఎదురుగా కూర్చుని నువ్వూ ఒక ముక్క తిను. గుంపులో బతికే పక్షి, పక్కవాళ్లు తినేది తనూ కొరికి చూస్తుంది. నోట్లోది మాత్రం అందించకు, మన ఎంగిలి దానికి మంచిది కాదు. తడిపిన కొత్తిమీర కట్ట పంజరానికి వేలాడదీసి చూడు, ఆడుకుంటూ ఆడుకుంటూ ఆకు నములుతుంది.

గింజల గిన్నె నిండుగా ఉందని నమ్మకు. పప్పు ఒలుచుకుని పొట్టు అక్కడే వదిలేస్తుంది; ఊది చూస్తే అడుగున ఒక్క గింజ ఉండదు. అందుకే గ్రాములు చూపే కాటా ఒకటి కొనుక్కుని రోజూ పొద్దున మేతకు ముందు పక్షిని తూచు. కాకటీల్ మామూలుగా 80 నుంచి 110 గ్రాముల మధ్య ఉంటుంది. నీ దాని బరువులో పదోవంతు తగ్గితే ప్రయోగాలన్నీ ఆపి పక్షుల డాక్టరు దగ్గరికి పరిగెత్తు. బీట్‌రూట్ తిన్న రోజు రెట్ట ఎర్రగా, నీళ్లగా ఉంటే మాత్రం కంగారుపడకు.

పక్కింటివాళ్లు దీనికి తోడుగా రామచిలుకను ఇస్తామంటున్నారని రాశావు. వద్దమ్మా. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, చెట్టు తొర్రలోంచి లాక్కొచ్చిన పిల్లకు మనం ఎంత మంచి మేత పెట్టి ఏం లాభం?

వచ్చే ఉత్తరంలో దాని బరువులు రాసి పంపు. ఏవి తింటోందో, ఏవి గోడకేసి కొడుతోందో అవి కూడా.

ఇట్లు
మీ మామయ్య