వరోవా నల్లి మందుకు లొంగకపోతే ఏం చేయాలి?

తేనెటీగల పెట్టెలో మందు పట్టీ వేలాడదీసినా నల్లి తగ్గకపోతే చాలామంది పెంపకందారులు మోతాదు పెంచుతారు. లేదా పట్టీని మరికొన్ని వారాలు పెట్టెలోనే వదిలేస్తారు. ఈ రెండు పనులూ సమస్యను ఇంకా ముదరబెడతాయి.

వరోవా డిస్ట్రక్టర్ అనేది ఎరుపు గోధుమ రంగులో, ఆవగింజ కంటే కొంచెం చిన్నగా ఉండే నల్లి. దీని అసలు ఆతిథేయి ఆసియా తేనెటీగ. దాని పెట్టెల్లో నల్లి ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది కాబట్టి నష్టం తక్కువ. ఐరోపా తేనెటీగలో మాత్రం కూలి ఈగల గదుల్లోనూ పెరుగుతుంది. ఈగల కొవ్వు కణజాలాన్ని తింటూ, రెక్కలు వంకరపోయే వైరస్‌ను వ్యాపింపజేస్తుంది. 1960లలో మన దేశంలో స్థిరపడిన ఐరోపా తేనెటీగలను ఇప్పుడు ఆవాలు, పొద్దుతిరుగుడు పూల కోసం ఊరూరా తిప్పుతున్నారు. పెట్టెలతో పాటు నల్లి కూడా ప్రయాణిస్తోంది.

నిరోధకత ఎలా వస్తుంది?

మందు వల్ల నల్లి కొత్తగా బలపడదు. ఫ్లువాలినేట్ నల్లి నరాల్లోని సోడియం మార్గాన్ని దెబ్బతీస్తుంది. ఆ ప్రోటీన్‌లో 925వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారిన నల్లుల మీద మందు సరిగా పనిచేయదు. మామూలు నల్లులు చనిపోతాయి, ఇవి మిగిలి సంతానం పెంచుకుంటాయి. మూతపడిన గదిలో తరచుగా ఒకే తల్లి పిల్లలు తమలో తామే జతకడతాయి. అందువల్ల ఈ మార్పు త్వరగా స్థిరపడుతుంది.

1990లలో ఇటలీలో ఫ్లువాలినేట్‌కు నిరోధకత బయటపడింది. తర్వాత కౌమాఫాస్‌కూ అదే గతి పట్టింది. 2025లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కూలిపోయిన పెట్టెల నుంచి సేకరించి పరీక్షించిన నల్లుల్లో దాదాపు అన్నింటిలోనూ అమిట్రాజ్ నిరోధకత గుర్తు కనిపించింది.

ముందు లెక్క, తర్వాత మందు

పిల్ల ఉన్న చట్రం నుంచి అర కప్పు ఈగలను, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలోకి తీసుకోవాలి. రాణి ఈగ అందులో లేదని ముందే చూసుకోవాలి. రెండు చెంచాల పంచదార పొడి వేసి సీసాను నెమ్మదిగా దొర్లించి, రెండు నిమిషాలు ఆగి, తెల్లటి పళ్లెంలోకి దులపాలి. రాలిన నల్లులను లెక్కించి 3తో భాగిస్తే 100 ఈగలకు ఎన్నో తెలుస్తుంది.

ఉదాహరణకు మందుకు ముందు 12 నల్లులు, తర్వాత 9 రాలితే తగ్గింది 25 శాతమే. బాగా పనిచేసే మందు 90 శాతం దాకా తగ్గించాలి. పట్టీ గడువు తీరిందా, పొరుగు పెట్టెల నుంచి నల్లి మళ్లీ వచ్చిందా అని చూసి, ఆ కారణాలు లేకపోతే నిరోధకతను అనుమానించాలి.

పాటించాల్సిన పద్ధతులు

• పేరు కాదు, మందు పనిచేసే తీరు మార్చాలి. ఫ్లువాలినేట్, ఫ్లుమెత్రిన్ రెండూ పైరెత్రాయిడ్లే. ఒకటి పోయి రెండోది వాడితే మార్చినట్టు కాదు.

• ఫార్మిక్ ఆమ్లం ఆవిరి మైనపు మూత దాటి లోపలి నల్లిని చంపుతుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు వాడితే పిల్ల, రాణి దెబ్బతింటాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

• ఆక్సాలిక్ ఆమ్లం ఈగల ఒంటిపై ఉన్న నల్లిని మాత్రమే చంపుతుంది. పిల్ల లేని సమయంలోనే దానికి పూర్తి ఫలితం.

• మూతపడిన పోతుటీగల పట్టును ఈగలు బయటికి రాకముందే తీసేస్తే మందు లేకుండానే చాలా నల్లి పోతుంది.

• గడువు ముగియగానే పట్టీలు తీసేయాలి. మిగిలిన తక్కువ మోతాదు నిరోధక నల్లినే ఎంచి పెంచుతుంది. కొన్ని మందులు మైనంలోనూ నిలిచిపోతాయి కాబట్టి పాత పట్లను మార్చాలి. తేనె తీసే పట్లు పెట్టెలో ఉండగా రసాయన మందులు వాడకూడదు.

ఇటలీలో ఫ్లువాలినేట్ ఆపిన కొన్నేళ్లకు నిరోధక నల్లుల వాటా తగ్గింది. అంటే విశ్రాంతి ఇచ్చిన మందు మళ్లీ కొంతకాలం పనికొస్తుంది. కానీ దాన్నే వరుసగా వాడితే నిరోధకత తిరిగి వస్తుంది. పక్కపక్కన పెట్టెలు పెట్టుకున్న పెంపకందారులందరూ ఒకే సమయంలో లెక్క చూసి, ఒకే సమయంలో మందు మారిస్తేనే ఆ విశ్రాంతికి ఫలితం ఉంటుంది.