గాయం మానడమంటే ఏమిటి? ఓల్గా ‘విముక్త’ కథలు చదువుదాం

ఫ్రెండ్స్, ‘హీలింగ్’ అనే మాట మన మధ్య ఈమధ్య బాగా వినిపిస్తోంది. జపాన్, కొరియా నవలల ఇంగ్లీష్ అనువాదాలు చాలామంది చదువుతున్నారు. ఒక చిన్న కాఫీ షాపు, మంచి మాట చెప్పే ఒక పెద్దమనిషి, చివర్లో మనసు తేలికపడటం. అవి బాగుంటాయి, కాదనను. కానీ “తెలుగులో ఇలాంటివి లేవా?” అని అడిగితే నేను చూపించే పుస్తకం ఓల్గా గారి ‘విముక్త’. ఇందులో కాఫీ షాపు ఉండదు, అడవి ఉంటుంది. ఓదార్చేవాళ్ళు కూడా దెబ్బ తిన్నవాళ్ళే.

బాధపడినవాళ్ళు మామూలు మనిషి అవ్వాలంటే ఏం కావాలి? బాధపెట్టినవాళ్ళు వచ్చి సారీ చెప్పాలా? పోయింది తిరిగి రావాలా? ఈ రెండూ జరగకపోతే ఏంటి పరిస్థితి? ఈ పుస్తకాన్ని ఈ ప్రశ్నతో చదువుదాం.

రచయిత్రి, పుస్తకం

ఓల్గా అసలు పేరు పోపూరి లలితకుమారి. 1950లో గుంటూరులో పుట్టారు. తెలుగులో స్త్రీవాద సాహిత్యం అనగానే మొదట గుర్తొచ్చే పేర్లలో ఆవిడది ఒకటి. ‘స్వేచ్ఛ’ నవల, ‘రాజకీయ కథలు’ ఆవిడ రాసినవే. ‘విముక్త’ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2016లో ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ పేరుతో ఇంగ్లీష్‌లోకి వెళ్ళింది. టి. విజయ్ కుమార్, సి. విజయశ్రీ అనువదించారు.

ఇందులో ఐదు కథలు. టైటిల్స్ చూసి భయపడకండి. ‘సమాగమం’ అంటే కలుసుకోవడం. ‘మృణ్మయనాదం’ అంటే మట్టిలోంచి వచ్చే నాదం. ‘సైకత కుంభం’ అంటే ఇసుక కుండ. మిగతావి ‘విముక్త’, ‘బంధితుడు’. లోపల భాష మాత్రం మనలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి కూడా అందేంత సులువుగా ఉంటుంది.

అల్లిక ఇలా ఉంటుంది. రామాయణం అందరికీ తెలుసు. అందులో పక్కకి వెళ్ళిపోయిన స్త్రీలు శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ. రేణుక పరశురాముడి తల్లి. సీత తన జీవితంలో వేర్వేరు సమయాల్లో ఒక్కొక్కరినీ కలుస్తుంది. నాలుగు కథల్లో నాలుగు సంభాషణలు. ఐదోది రాముడి వైపు నుంచి.

రామాయణాన్ని ఇలా మార్చి రాయొచ్చా అని కొందరికి అనిపించొచ్చు. మన స్త్రీల పాటల్లో ‘ఊర్మిళాదేవి నిద్ర’ అని ఒకటుంది. రామాయణ కథని ఇంట్లో ఆడవాళ్ళ వైపు నుంచి చూడటం మన తెలుగు వాళ్ళకి కొత్త కాదని ఆ పాటే చెప్తుంది.

శూర్పణఖ తోట

నా దృష్టిలో ‘హీలింగ్’ గురించి సూటిగా మాట్లాడే కథ ‘సమాగమం’. సీత వాల్మీకి ఆశ్రమంలో ఉంటుంది. లవకుశులు ఒకరోజు అడవి నుంచి వచ్చి ఒక అద్భుతమైన తోట చూశామని, ఆ తోట పెంచే ఆవిడకి ముక్కు, చెవులు లేవని చెప్తారు. ఆవిడెవరో సీతకి వెంటనే తెలిసిపోతుంది. చూడటానికి వెళ్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మనకి తెలిసిన కథ ప్రకారం వీళ్ళిద్దరూ శత్రువులు. ఒకరి ముక్కు కోయడం దగ్గర మొదలై ఇంకొకరిని ఎత్తుకుపోయేదాకా వెళ్ళింది. కానీ మగవాళ్ళ పగల మధ్య ఇద్దరూ నలిగిపోయారన్న సంగతి సీతకి ఇప్పుడు అర్థమవుతుంది. అందుకే ఆ ఇద్దరూ స్నేహితుల్లా మాట్లాడుకోగలుగుతారు.

శూర్పణఖ అందాన్ని ప్రేమించిన మనిషి. ఆ అందమే పోయింది. తర్వాత తనకి ఏమైందో దాచకుండా చెప్తుంది. కోపం, పగ, అందంగా ఉన్న ప్రతిదాని మీదా ద్వేషం. అందులోంచి బయటపడటానికి తనతో తనే పెద్ద యుద్ధం చేసింది. ప్రకృతిని గమనిస్తూ, రూపాన్ని దాటి చూడటం నేర్చుకుంది. తన చేతులతో తోట పెంచింది. ఇప్పుడు ఆమె జీవితంలో సుధీరుడు అనే తోడు కూడా ఉన్నాడు.

గమనించాల్సిన విషయాలు మూడు.

ఒకటి, ముక్కు తిరిగి రాలేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇక్కడ పాత బ్యాకప్ ఏదీ రీస్టోర్ అవ్వలేదు. ఆమె పాత శూర్పణఖ అవ్వలేదు, వేరే మనిషి అయింది.

రెండు, ఎవరూ క్షమాపణ చెప్పలేదు. రాముడు, లక్ష్మణుడు ఆ తోటకి రారు. మనం ‘క్లోజర్’ అంటామే, అది ఆమెకి అవతలివాళ్ళ నుంచి దొరకలేదు. దానికోసం ఆమె ఎదురుచూస్తూ కూర్చోలేదు కూడా.

మూడు, వరస. ముందు తోట వచ్చింది, తర్వాతే సుధీరుడి ప్రస్తావన. ప్రేమ వచ్చి ఆమెని బాగుచేయలేదు. తనంతట తాను నిలబడ్డాక ప్రేమకి చోటు దొరికింది. మన సినిమాల్లో ఇది ఎక్కువగా తలకిందులుగా ఉంటుంది, దెబ్బతిన్న మనిషిని ప్రేమే వచ్చి రిపేర్ చేస్తుంది.

అహల్య, రేణుక

‘మృణ్మయనాదం’లో అహల్య శాపం తగిలిన రాయిలా కనిపించదు, ఆలోచించే మనిషిలా కనిపిస్తుంది. తప్పు జరిగిందా లేదా అన్నది ఆమెకి పెద్ద ప్రశ్న కాదు. విచారించే హక్కు వాళ్ళకి ఎవరిచ్చారు అన్నదే ప్రశ్న. విచారణకి ఎప్పుడూ ఒప్పుకోవద్దని సీతకి చెప్తుంది. ఆ మాట విన్నప్పుడు సీతకి పూర్తిగా ఎక్కదు. తన దాకా వచ్చాకే, అగ్నిపరీక్ష ఎదురయ్యాకే దాని బరువు తెలుస్తుంది. మంచి మాట విన్న రోజే పని చేయాలని లేదు. ఎప్పుడో అవసరమైన రోజు గుర్తొస్తుంది.

‘సైకత కుంభం’లో రేణుక శిల్పాలు చేస్తూ ఉంటుంది. భర్త ఆజ్ఞ మీద కన్న కొడుకే గొడ్డలి ఎత్తిన తల్లి ఆమె. పాతివ్రత్యం ఇసుక కుండ లాంటిదని, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా ఒక్క క్షణంలో కూలిపోతుందని ఆమె అనుభవం. ఇక్కడ కూడా చేతిపనే ఆమెని నిలబెట్టింది. శూర్పణఖకి మొక్కలు, రేణుకకి మట్టి, రాయి. ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

ఊర్మిళ మూసుకున్న తలుపు

పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోతుంది. ఓల్గా కథలో నిద్రపోదు. లక్ష్మణుడు తనకి ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ కోపంతో తలుపు మూసుకుంది. లోపల ఆ కోపాన్నే ప్రశ్నలుగా మార్చుకుంది. ఈ బాధ ఎక్కడి నుంచి వస్తోంది? చివరికి ఆమెకి దొరికిన జవాబు ‘అధికారం’. ఒకరి మీద మనం అధికారం చేయకూడదు, మన మీద ఇంకొకరికి అధికారం ఇవ్వకూడదు. రాముడు సీతని అడవిలో వదిలేశాక ఆమెకి సాయం చేసేది ఊర్మిళ చెప్పిన ఈ మాటలే.

ఒంటరితనం గురించి ఈ కథ చెప్పేది జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. రూమ్ తలుపు వేసుకుని ఫోన్ స్విచాఫ్ చేసినంత మాత్రాన బాధ తగ్గదు. ఊర్మిళ లోపల పని చేసింది. పైగా తలుపు తీసి బయటికొచ్చింది, తనకి తెలిసింది సీతకి చెప్పింది.

‘బంధితుడు’లో రాముడు విలన్ కాదు. రాజ్యం, ధర్మం, వంశం పేరు మధ్య ఇరుక్కున్న మనిషి. అధికారం ఉన్నవాడే అందరికంటే ఎక్కువగా కట్టుబడిపోయాడు. అబ్బాయిలు ఈ కథ తప్పకుండా చదవాలి.

ఒక అసంతృప్తి

పుస్తకం నచ్చింది కదా అని లోపాలు చెప్పకుండా ఉండక్కర్లేదు. ఈ కథల్లో మాటలు ఎక్కువ, జరిగేది తక్కువ. శూర్పణఖ యుద్ధం ఆమె నోటివెంట వింటాం తప్ప కళ్ళారా చూడం. ఆ మొదటి చెడ్డ రోజుల్లో ఆమె ఎలా అన్నం తిన్నదో, ఎలా నిద్రపోయిందో ఉంటే ఇంకా లోతుగా తగిలేది. కొన్నిచోట్ల పాత్ర వెనక నుంచి రచయిత్రే మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఈ పుస్తకంలో ఒక మనిషి తన బాధని ఇంకొకరికి చెప్పడమే అసలు సంఘటన. శూర్పణఖ చెప్పింది కాబట్టే సీతకి దారి కనిపించింది. ఎవరి గాయం వాళ్ళే మాన్పుకోవాలి, నిజమే. కానీ మానుతుందని నమ్మకం కలగాలంటే, అప్పటికే మాన్పుకున్న మనిషి ఒకరు ఎదురుగా కనపడాలి. మార్కులు పోయినా, మనిషి దూరమైనా, ఇంట్లో మాట పడినా మనం ముందు చేసేది ఎవరికీ చెప్పకుండా ఉండటమే కదా. మన కాలేజీల్లో సీనియర్లు సబ్జెక్ట్ నోట్స్ ఇస్తారు, ఇంటర్వ్యూ ప్రశ్నలు ఇస్తారు. తాము ఎలా కిందపడి లేచారో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ మాట కూడా జూనియర్లకి నోట్స్ అంత అవసరమే.

చర్చకి ప్రశ్నలు

1. క్షమాపణ దొరకకుండా మనసు కుదుటపడటం సాధ్యమేనా? శూర్పణఖ సమాధానం మీకు నచ్చిందా?
2. ఊర్మిళ ఏకాంతానికి, డిప్రెషన్‌లో మనిషి ఒంటరిగా ఉండిపోవడానికి తేడా ఎలా గుర్తుపడతాం?
3. ‘బంధితుడు’ లేకుండా పుస్తకం నాలుగు కథలతోనే ముగిస్తే ఏం పోతుంది?
4. శూర్పణఖకి తోట ఉంది, రేణుకకి శిల్పం ఉంది. మీకేముంది?

మొదటిసారి చదివేవాళ్ళు ‘సమాగమం’తో మొదలుపెట్టండి, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. నాలుగో ప్రశ్నకి జవాబు మాత్రం తొందరపడి రాయకండి.